పేరు తేలని పురుగు: పిండినల్లి గుర్తింపు, జీవనియంత్రణల చరిత్ర (1923–2022)

1. ఉపోద్ఘాతం

లేత కొమ్మల మీద, ఆకుల అడుగున, కాయ తొడిమల దగ్గర బియ్యప్పిండి చల్లినట్టు తెల్లగా పేరుకొని కనిపించే పురుగును తెలుగు రైతు పిండినల్లి అంటాడు. మందార మీద ఉన్నా, పత్తి మీద ఉన్నా, బొప్పాయి మీద ఉన్నా అతనికి అది పిండినల్లే. రసం పీల్చి మొక్కను గిడసబార్చడం, తేనెబంక విసర్జించడం, ఆ బంక మీద నల్లని మసి బూజు పెరగడం, బంక కోసం చీమలు బారులు తీరడం అన్ని చోట్లా ఒకే తీరుగా జరుగుతాయి. కనుక పొలంలో ఒక్క పేరు చాలు. శాస్త్రం మాత్రం ఈ ఒక్క పేరు కింద సుమారు రెండు వేల జాతులను లెక్కించింది. ఆ రెండు వేలలో తన తోటలో ఉన్నది ఏది అన్న ప్రశ్న రైతుకు అక్కరలేని పాండిత్యంగా తోచడం సహజం. వ్యవసాయ శాఖలకూ చాలాకాలం అలాగే తోచింది.

ఇరవయ్యో శతాబ్దపు చరిత్ర ఈ అభిప్రాయాన్ని సమర్థించదు. పిండినల్లిని అణచడంలో లభించిన పెద్ద విజయాలన్నింటికీ ముందు ఒక పేరు సరిదిద్దడం కనిపిస్తుంది. దీర్ఘకాలం సాగిన వైఫల్యాల వెనుక ఒక తప్పు పేరు కనిపిస్తుంది. కెన్యా కాఫీ తోటలు, ఆఫ్రికా కర్రపెండలం పొలాలు, భారత ఉపఖండపు పత్తి, తమిళనాడు బొప్పాయి తోటలు అనే నాలుగు సందర్భాలను ఆధారంగా చేసుకొని గుర్తింపునకూ నియంత్రణకూ ఉన్న సంబంధం కాలక్రమంలో ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రధానమైనది రెండవ సందర్భం. సుమారు ఇరవై కోట్ల మంది ఆఫ్రికా ప్రజల నిత్యాహారం అందులో ముడిపడి ఉంది కనుక దానికి ఎక్కువ చోటు అవసరమైంది.

2. గుర్తింపులోని చిక్కు

పిండినల్లి గుర్తింపు కష్టం కావడానికి ఆ పురుగు శరీర నిర్మాణమే కారణం. మగ పురుగుకు రెక్కలుంటాయి కాని నోరు పనిచేయదు, అది కొద్ది రోజులే బతుకుతుంది, సేకరించేవారి చేతికి అరుదుగా చిక్కుతుంది. కనుక వర్గీకరణ అంతా ఆడ పురుగు మీదే ఆధారపడింది. ఆడదానికి రెక్కలు లేవు. మూడు నాలుగు మిల్లీమీటర్ల మెత్తని అండాకారపు దేహం, దాని మీద మైనపు పొడి. కంటికి కనిపించే తెలుపు, అంచుల వెంట ఉండే మైనపు పోచలు, తోకల పొడవు కొంతవరకు సూచనలిస్తాయి గాని నిర్ధారణ చేయలేవు. ఆ మైనం వానకు కరుగుతుంది, చేయి తగిలితే రాలుతుంది.

నిర్ధారణ కావాలంటే పురుగును చంపి, క్షార ద్రావణంలో వేడిచేసి లోపలి పదార్థాన్ని తొలగించి, మిగిలిన పారదర్శకమైన చర్మానికి ఎర్రని రంగు పట్టించి, గాజు పలక మీద కెనడా బాల్సంలో అమర్చి సూక్ష్మదర్శిని కింద చూడాలి. అప్పుడు మైనం ఊరే రంధ్రాలు ఏ ఆకారంలో ఉన్నాయి, ఎన్ని ఖండితాల మీద ఉన్నాయి, దేహం అంచున ముళ్ల గుంపులు ఎన్ని జతలు, స్పర్శశృంగానికి ఎన్ని కణుపులు, వెనుక కాలి మీద పారదర్శక రంధ్రాలు ఉన్నాయా లేవా అని లెక్కించాలి. రెండు జాతుల మధ్య భేదం కొన్నిసార్లు ఒక వరుస నాళికల ఉనికి మాత్రమే. సింహళంలో పనిచేసిన ఎడ్వర్డ్ ఎర్నెస్ట్ గ్రీన్ తరం నుంచి లండన్ మ్యూజియంలో పనిచేసిన డి. జె. విలియమ్స్ తరం వరకు ఈ పని చేయగలిగిన వారు ప్రపంచంలో ఏ కాలంలోనైనా కొద్దిమందే. ఒక ఖండపు పంట సమస్య మరో ఖండంలోని ఒక బల్ల దగ్గర నెలల తరబడి ఆగవలసి రావడం ఈ చరిత్రలో పదేపదే కనిపించే దృశ్యం.

అయితే పేరుకు ఇంత విలువ ఎందుకు? పిండినల్లిని తినే శత్రువులు రెండు రకాలు. అక్షింతల పురుగుల వంటి పరభక్షులు చాలావరకు పేరు పట్టించుకోవు. ఆస్ట్రేలియాకు చెందిన క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగును 1891లో ఆల్బర్ట్ కోబెలే కాలిఫోర్నియా నిమ్మ తోటలకు తెచ్చాడు. 1898లో అది కాఫీ మీది ఆకుపచ్చ పొలుసు పురుగు కోసం భారతదేశానికి వచ్చింది. వచ్చిన పని నెరవేర్చలేదు, కాని దేశంలో నిలిచిపోయి తర్వాత ద్రాక్ష, నిమ్మ తోటల్లో అనేక జాతుల పిండినల్లులకు మందుగా పనికివచ్చింది. దానికి పురుగు గుంపులుగా దొరకాలి. గుంపు పలచబడితే అది వెళ్లిపోతుంది, మళ్లీ తెచ్చి వదలాలి. రెండవ రకం పరాన్నజీవి కందిరీగలు. ఇవి మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్ల పొడవుండి, పిండినల్లి దేహంలో గుడ్డు పెడతాయి. లోపల పెరిగే పిల్ల నల్లిని తిని, దాన్ని ఎండిన తొడుగుగా మార్చి బయటపడుతుంది. ఇవి ఒకటి రెండు జాతుల మీద మాత్రమే బతకగలవు. ఆ కారణం చేతనే పలచని గుంపును కూడా వెతికి పట్టుకుంటాయి, ఒకసారి నిలదొక్కుకుంటే మళ్లీ వదలవలసిన పని లేదు. పరాన్నజీవి కావాలంటే ముందు నల్లి పేరు తెలియాలి. పేరు తెలిస్తే పుట్టిన చోటు తెలుస్తుంది, పుట్టిన చోట వెతికితే శత్రువు దొరుకుతుంది. ఈ గొలుసులో మొదటి కొక్కెం తప్పితే మిగిలిన శ్రమ అంతా వృథా.

3. కెన్యా కాఫీ తోటలు

1923 ప్రాంతంలో కెన్యాలోని థికా పరిసరాల్లో కాఫీ మీద పిండినల్లి ఉధృతంగా కనిపించింది. కొద్ది సంవత్సరాల్లో ఎత్తైన కాఫీ జిల్లాలన్నింటికీ పాకింది. శ్వేతజాతి యజమానుల తోటలతో అది ఆగలేదు, కికుయు రైతులు పండించే కంది, చిలగడదుంప వంటి ఆహార పంటల మీదికీ వచ్చింది. చీమలు దీన్ని కాపాడుతున్నాయని గమనించి, చీమలు ఎక్కకుండా కాఫీ చెట్ల మొదళ్లకు జిగురు పట్టీలు చుట్టే పద్ధతి ప్రవేశపెట్టారు. చీమలు తప్పుకొంటే స్థానిక పరభక్షులు కొంత పని చేసేవి. అయితే ప్రతి చెట్టుకూ పట్టీ చుట్టడం, దాన్ని నిలిపి ఉంచడం తోట యజమానికి సాధ్యమైనా కంది చేలో సాధ్యం కాదు.

ఈ నల్లిని మొదట నిమ్మజాతి పిండినల్లిగా, తర్వాత లైలాసినస్ అనే ఆసియా జాతిగా గుర్తించారు. టి. డబ్ల్యు. కిర్క్‌పాట్రిక్ 1927లో ప్రచురించిన ప్రామాణిక నివేదిక శీర్షికలోనే ఆ ఆసియా పేరు ఉంది. నివేదికలోని జీవిత చరిత్ర పరిశీలనలు నేటికీ విలువైనవే, తప్పింది పేరు ఒక్కటే. ఆ పేరును నమ్మి ఆసియా దేశాల్లో పరాన్నజీవుల కోసం అన్వేషణ జరిగింది. తెచ్చిన కీటకాలు కెన్యా నల్లి మీద నిలవలేదు. వాతావరణం సరిపడలేదా, రవాణాలో బలహీనపడ్డాయా అని కారణాలు వెతికారు. కీటకాలు సరైనవే, వాటికి చూపించిన నల్లి వేరు అన్న అనుమానానికి చాలాకాలం తావు దొరకలేదు.

1935లో ఆర్. హెచ్. లె పెల్లీ ఈ నల్లి శాస్త్రానికి అంతవరకు తెలియని ప్రత్యేక జాతి అని వివరించి, దానికి కెన్యా పేరే పెట్టాడు. ఆసియా జాతితో దానికి ఉన్న భేదం సూక్ష్మమైనదే అయినా దాని పర్యవసానం పెద్దది. నల్లి ఆసియాది కాకపోతే ఎక్కడిది? పొరుగున ఉన్న ఉగాండాలో అదే నల్లి ఉండి కూడా పంటకు చెప్పుకోదగిన నష్టం చేయడం లేదు. అంటే దాన్ని అదుపులో ఉంచే శత్రువు అక్కడ ఉంది. 1938లో ఉగాండా నుంచి తెచ్చి వదిలిన పరాన్నజీవుల్లో అనాగిరస్ ప్రజాతికి చెందినది కెన్యాలో బాగా నిలదొక్కుకుంది. తర్వాతి దశాబ్దంలో కాఫీ పిండినల్లి ప్రధాన సమస్యల జాబితా నుంచి తొలగింది. సముద్రాలు దాటి వెతికినది పక్క దేశంలో ఉంది. పేరు తప్పి పోయిన కాలం పన్నెండేళ్లకు తక్కువ కాదు.

ఇంకొక సంగతి ఇక్కడ గమనించదగినది. వలస పాలనలో ఈ పరిశోధనకు డబ్బు పెట్టించింది కాఫీ ఎగుమతి. కికుయు రైతు కందిచేనుకు మేలు జరిగింది గాని అది ఉద్దేశించిన మేలు కాదు. పరాన్నజీవికి తోట హద్దు తెలియదు, జిగురు పట్టీకి తెలుసు. జీవనియంత్రణ గురించి రాసేవారు తరచు విస్మరించే సామాజిక పార్శ్వం ఇది.

4. ఆఫ్రికా కర్రపెండలం

కర్రపెండలాన్ని పదహారో శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుంచి ఆఫ్రికాకు తెచ్చారు. వానలు తప్పినా నిలుస్తుంది, సారంలేని నేలలో పండుతుంది, దుంప భూమిలోనే ఉండి అవసరమైనప్పుడు తవ్వుకోవడానికి వీలవుతుంది. మధ్య ఆఫ్రికాలో ఆకును కూడా కూరగా వండుకుంటారు. దాదాపు నాలుగు వందల ఏళ్లపాటు ఈ పంట తన పుట్టిన ఖండపు పురుగులకు దూరంగా, అవి వెంటరాకుండా, పెరిగింది. 1973లో కాంగో, జైర్ దేశాల రాజధానులైన బ్రజవిల్, కిన్షాసాల పరిసరాల్లో కర్రపెండలం చిగుళ్లు ముడుచుకుపోయి, కణుపుల మధ్య దూరం తగ్గి, కొమ్మ కొసలు గుత్తులుగా మారడం కనిపించింది. గుత్తుల మధ్య గులాబి రంగు దేహం మీద తెల్లని పిండి.

ఈ పంటను గింజ నాటి కాక కాండం ముక్కలు నాటి పెంచుతారు. ముక్క వెంట పురుగూ ప్రయాణం చేస్తుంది. పైగా ఈ జాతిలో మగవి లేవు, ఆడది జతకట్టకుండానే నాలుగైదు వందల గుడ్లు పెడుతుంది. ఒక్క పురుగు చేరితే చాలు, కొత్త జిల్లా మొత్తానికి వ్యాపించగలదు. ఎండాకాలంలో విజృంభించి, కొన్ని చోట్ల దుంప దిగుబడిని 80 శాతం వరకు తగ్గించింది. ఆకుకూర పోయింది, నాటుకోవడానికి మంచి ముక్కలు లేకుండా పోయాయి. ఎగుమతి లేని పంట కనుక దీనికి కాఫీకి దొరికినట్టు తోట యజమానుల సంఘం దన్ను లేదు. పురుగుమందు కొనే స్తోమత ఈ పంట పండించేవారికి లేదు. ఉన్నా, గుత్తులో దాగి మైనం కప్పుకున్న నల్లి మీద అది పనిచేసేది అంతంతమాత్రమే.

1977లో పారిస్ మ్యూజియానికి చెందిన డానియెల్ మాటిల్-ఫెరెరో దీన్ని కొత్త జాతిగా వివరించి ఫెనకోకస్ మనిహోటి అని పేరు పెట్టింది. జాతికి పేరైతే వచ్చింది, కాని కెన్యా కథలో పేరుతోపాటు తెలిసిన జన్మస్థలం ఇక్కడ తెలియలేదు. పేరు పెట్టిన నమూనాలు ఆఫ్రికావి, పంట అమెరికాది. కర్రపెండలం దక్షిణ అమెరికా మొక్క కనుక నల్లి కూడా అక్కడిదే అయి ఉండాలన్నది ఊహ. ఆ ఊహ సరైనదే. అయితే దక్షిణ అమెరికా ఒక ఖండం.

మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు, ఖండపు ఉత్తర భాగం వరుసగా గాలించారు. కొలంబియా, వెనిజులా, గయానా, ఉత్తర బ్రెజిల్ ప్రాంతాల్లో కర్రపెండలం మీద అచ్చం అలాగే చిగుళ్లు ముడిచే నల్లి దొరికింది. అన్వేషకులకు అదే గమ్యంగా తోచడంలో ఆశ్చర్యం లేదు. అక్కడి పరాన్నజీవులను సేకరించారు. కాని అవి ఆఫ్రికా నల్లి మీద వృద్ధి చెందలేదు. జాగ్రత్తగా చూస్తే దక్షిణ అమెరికా నల్లి దేహం పసుపు, ఆఫ్రికాది గులాబి. మొదటిదానిలో మగవి ఉన్నాయి, రెండవదానిలో లేవు. 1981లో జెన్నిఫర్ కాక్స్, డి. జె. విలియమ్స్ ఈ రెండింటి గాజు పలకలను పక్కపక్కన పెట్టి పరిశీలించి, పసుపు నల్లి వేరొక కొత్త జాతి అని తేల్చి దానికి ఫెనకోకస్ హెరెని అని పేరు పెట్టారు. ఆ పేరు హాన్స్ హెరెన్‌ది. ఇబడాన్‌లోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థలో ఆఫ్రికా నల్లి నియంత్రణ కార్యక్రమాన్ని నడుపుతున్న స్విస్ కీటక శాస్త్రజ్ఞుడు అతడు. తన వెతుకులాటలో అడ్డం వచ్చిన నల్లి అతని పేరును శాశ్వతంగా మోయడం వర్గీకరణ శాస్త్రంలోని ఒక చిన్న వింత.

ఆ ప్రచురణ చేసిన మేలు ఏమిటంటే, ఇంతవరకు వెతికిన చోటు కాదని నిస్సందేహంగా చెప్పడం. ఉత్తరం కాకపోతే దక్షిణం. అదే 1981లో కొలంబియాలోని కాలీ కేంద్రంగా ఉన్న అంతర్జాతీయ సంస్థలో కర్రపెండలం పురుగుల మీద పనిచేస్తున్న ఆంథొనీ బెల్లోట్టికి పరాగ్వేలో గులాబి నల్లి దొరికింది. తర్వాతి సర్వేల్లో బొలీవియాలోని సాంతాక్రూజ్ ప్రాంతంలోనూ, బ్రెజిల్‌లోని మతో గ్రోసో దొ సుల్ రాష్ట్రంలోనూ కనిపించింది. అంతకుమించి దాని సహజ నివాసం విస్తరించదు. పెద్ద ఖండంలో ఒక నదీ పరీవాహక ప్రాంతపు పరిధి మాత్రమే. అక్కడ అది అరుదైన పురుగు. అరుదుగా ఉండడమే అది దొరకకపోవడానికి ఒక కారణం. సమస్యగా లేని చోటనే సమస్యకు పరిష్కారం ఉంటుందన్న ఉగాండా అనుభవం మళ్లీ ఎదురైంది.

పరాగ్వే నల్లుల నుంచి బయటపడిన పరాన్నజీవుల్లో లోపెజి అనేది ప్రధానమైనది. దీన్ని అర్జెంటీనాకు చెందిన లూయిస్ డి శాంటిస్ 1960లలోనే వివరించి ఉన్నాడు. ఏ పంటకు ఎందుకు పనికివస్తుందో తెలియని కాలంలో, ఒక కీటకం ఉంది అని చెప్పడమే ప్రయోజనంగా చేసిన పని అది. ఆ తర్వాత దాని ప్రజాతి నామం ఒకటికి రెండుసార్లు మారింది, నేడు అనాగిరస్ కింద చేర్చారు. పాత నివేదికలు చదివే పరిశోధకులు అపోఅనాగిరస్, ఎపిడినోకార్సిస్, అనాగిరస్ అనే మూడు పేర్లూ ఒకే కందిరీగవని గుర్తుంచుకోవాలి.

లండన్‌లో క్వారంటైన్ పరీక్షలు ముగించుకొని లోపెజి నైజీరియా చేరింది. 1981 నవంబరులో ఇబడాన్‌లో మొదటిసారి పొలంలో వదిలారు. మూడేళ్లలో నైరుతి నైజీరియాలో రెండు లక్షల చదరపు కిలోమీటర్లకు పైగా విస్తరించింది. ఆ తర్వాత రోడ్లు లేని ప్రాంతాలకు విమానాల నుంచి కూడా విడుదల చేశారు. 1990ల తొలినాళ్లకు రెండు డజన్లకు పైగా ఆఫ్రికా దేశాల్లో అది నిలదొక్కుకుంది, చాలా పొలాల్లో నల్లి నష్టం కలిగించని స్థాయికి పడిపోయింది. రైతు చేయవలసినదేమీ లేదు, కొనవలసినదేమీ లేదు. 1988లో ఆర్థికవేత్త రిచర్డ్ నోర్‌గార్డ్ ఈ కార్యక్రమపు లాభవ్యయాలను లెక్కించి, ఒక డాలరు ఖర్చుకు 149 డాలర్ల ప్రయోజనం అని తేల్చాడు. 1995లో హెరెన్‌కు ప్రపంచ ఆహార బహుమతి లభించింది.

ఈ విజయగాథలో రెండు మినహాయింపులు చెప్పకపోతే చిత్రం అసంపూర్ణం. బాగా సారం చచ్చిన ఇసుక నేలల్లో, మల్చింగ్ లేని పొలాల్లో లోపెజి అంతగా పనిచేయలేదు. మొక్క బలహీనంగా ఉంటే దాని మీద పెరిగే నల్లి చిన్నదవుతుంది. చిన్న నల్లిలో పెరిగిన పరాన్నజీవుల్లో మగవి ఎక్కువ, ఆడవి తక్కువ. కందిరీగ బలం చివరికి నేల సారం మీద ఆధారపడింది. రెండవది, పసుపు నల్లి కథ అక్కడితో ముగియలేదు. అది ఈశాన్య బ్రెజిల్‌లో కొత్తగా చేరి కరవు ప్రాంతపు కర్రపెండలాన్ని దెబ్బతీసినప్పుడు, ఖండపు ఉత్తర భాగం నుంచి దాని పరాన్నజీవులనే 1990లలో తెచ్చి వదిలారు. ఆఫ్రికాకు పనికిరాని సేకరణ ఆ నల్లికి సరిగ్గా సరిపోయింది. తప్పు పేరుతో వెతికినది మరో పేరు కింద ఉపయోగపడింది.

5. పత్తి: ఋతువుతో మారే రూపం

2005లో పాకిస్థాన్ పత్తి పొలాల్లో, ఆ తర్వాత గుజరాత్, పంజాబ్‌లలో పిండినల్లి ఉపద్రవంగా మారినప్పుడు గుర్తింపు సమస్య మరో రూపంలో వచ్చింది. పాకిస్థాన్‌లో దీనికి కొత్త జాతిగా కొత్త పేరు పెట్టే ప్రయత్నం జరిగింది. భారతదేశంలో కొందరు దీన్ని మందార మీది గులాబి పిండినల్లిగా, అంటే గ్రీన్ 1908లో భారతీయ నమూనాల ఆధారంగా వివరించిన పాత నివాసిగా భావించారు. గందరగోళానికి ఒక కారణం ఈ నల్లి రూపం ఋతువును బట్టి మారడం. చలికాలపు నమూనా, వేసవి నమూనా గాజు పలక మీద రెండు జాతుల్లా కనిపిస్తాయి. 2008లో క్రిస్ హాడ్జ్‌సన్, సహరచయితలు ఈ మార్పులను పరిశీలించి, ఇది టిన్స్లీ 1898లో అమెరికాలోని న్యూమెక్సికోలో చీమల పుట్టల్లో దొరికిన నమూనాల ఆధారంగా వివరించిన ఫెనకోకస్ సొలెనాప్సిస్ అని నిర్ధారించారు. జాతి నామంలోని సొలెనాప్సిస్ ఆ చీమ పేరే. నాగపూర్‌లోని కేంద్రీయ పత్తి పరిశోధన సంస్థ తొమ్మిది రాష్ట్రాల్లో 47 చోట్ల నమూనాలు సేకరించి పరిశీలించినప్పుడు అత్యధికం ఇదే జాతి అని తేలింది.

పత్తి సందర్భం ఈ వ్యాస వాదానికి పూర్తిగా లొంగదు. ఇక్కడ పేరు తేలి, దాని ఆధారంగా శత్రువును వెతికి తెచ్చేలోగానే శత్రువు తనంతట తాను పొలంలో కనిపించింది. ఆ పరాన్నజీవిని 2009లో మహమ్మద్ హయాత్ కొత్త జాతిగా వివరించి, భారతీయ శాస్త్రజ్ఞుడు బాంబావాలే పేరు పెట్టాడు. 2014లో అది ఉత్తర అమెరికాలో చాలాకాలం కిందటే వివరించిన ఏనాసియస్ అరిజోనెన్సిస్ అని గుర్తించారు. నల్లితోపాటే అది కూడా ఎవరికీ తెలియకుండా సముద్రం దాటి ఉండాలి. శత్రువు పొలంలో ఉందని గమనించకముందు రైతులు అనేకసార్లు మందు కొట్టారు. గట్ల మీది వయ్యారిభామ, తుత్తురబెండ మొక్కలపై నల్లి మిగిలే ఉండేది, చేలోని పరాన్నజీవి చచ్చేది. పత్తి విస్తారంగా పండించే తెలుగు జిల్లాల రైతుకు ఈ అనుభవం కొత్తది కాదు.

6. బొప్పాయి: పేరు ముందే తెలిసిన సందర్భం

2008 జులైలో కోయంబత్తూరు పరిసరాల్లో బొప్పాయి మీద కనిపించిన పిండినల్లి విషయంలో పరిస్థితి పూర్తిగా వేరు. పారాకోకస్ మార్జినేటస్ అనే ఈ జాతిని విలియమ్స్, గ్రనారా ద విల్లింక్ 1992లోనే మెక్సికో, మధ్య అమెరికా నమూనాల ఆధారంగా వివరించి ఉన్నారు. దీని నమూనాలను ఆల్కహాలులో వేస్తే నీలి నలుపు రంగుకు తిరుగుతాయి. గాజు పలక లేకుండానే అనుమానించడానికి వీలిచ్చే అరుదైన లక్షణం ఇది. కరీబియన్ దీవుల్లో, ఫ్లోరిడాలో ఇది ముందే వ్యాపించి ఉంది కనుక దాని పరాన్నజీవులను అమెరికా వ్యవసాయ శాఖ మెక్సికో నుంచి సేకరించి, ప్యూర్టోరికోలో పెంచుతూ ఉంది. వాటిలో ముఖ్యమైన ఎసిరోఫేగస్ పపాయేకు 2003లో నోయెస్, షౌఫ్ పేరు పెట్టారు. నల్లి పేరు, జన్మస్థలం, శత్రువు, శత్రువు పేరు, పెంచే పద్ధతి అన్నీ సిద్ధంగా ఉన్నాయి.

అయినా పరాన్నజీవులు బెంగళూరులోని జాతీయ సంస్థకు చేరింది 2010 జులైలో. పొలాల్లో విడుదల ఆ ఏడాది అక్టోబరులో మొదలైంది. ఈ రెండేళ్లలో నల్లి బొప్పాయితోపాటు మల్బరీ, కర్రపెండలం, పత్తి తదితర పంటల మీదికి, తమిళనాడు దాటి కేరళ, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్రలకు పాకింది. పట్టుపురుగుల రైతుకు ఇది రెండింతల కష్టం. ఆకు మీద మందు కొడితే పట్టుపురుగు చస్తుంది, కొట్టకపోతే ఆకే ఉండదు. విడుదల తర్వాత ఒక సంవత్సరంలోనే చాలా ప్రాంతాల్లో నల్లి అదుపులోకి వచ్చింది.

ఆఫ్రికాలో ఎనిమిదేళ్లు పట్టింది తెలియక. ఇక్కడ రెండేళ్లు పట్టింది తెలిసి ఉండగా. ఈ రెండేళ్లను వట్టి ఆలస్యంగా కొట్టివేయడం న్యాయం కాదు. విదేశీ కీటకాన్ని ఒకసారి వదిలితే వెనక్కి తెచ్చుకోలేము. అది పట్టుపురుగు మీద, తేనెటీగ మీద, మేలుచేసే ఇతర కీటకాల మీద దాడి చేయదని పరీక్షించడం తప్పనిసరి. అయితే పరీక్షలకు పట్టే కాలం వేరు, రెండు ప్రభుత్వాల మధ్య అనుమతి పత్రాలకు పట్టే కాలం వేరు. వర్గీకరణ శాస్త్రం తన వంతు పూర్తిచేసిన తర్వాత మిగిలే కాలం ఎవరి ఖాతాలోదన్న ప్రశ్న చరిత్రకారులు ఇంకా వివరంగా తీసుకోవలసి ఉంది.

7. కర్రపెండలం నల్లి ఆసియాలో

ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి వీలైన మరో సందర్భం త్వరలోనే వచ్చింది. 2008లో గులాబి నల్లి థాయిలాండ్‌లో కనిపించింది. అక్కడ కర్రపెండలం ఇంటి తిండి కాదు, పిండి పరిశ్రమకు ముడిసరుకు, ఎగుమతి సరుకు. 2009లో బెనిన్‌లోని అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థ కేంద్రం నుంచి లోపెజిని తెప్పించుకొని, మరుసటి ఏడాది పొలాల్లో వదిలారు. ఎగుమతి పంటకు వేగం ఎక్కువ అన్న కెన్యా పాఠం ఇక్కడా కొంత వర్తిస్తుంది.

భారతదేశంలో ఈ నల్లిని 2020లో కేరళలోని త్రిశూర్ జిల్లాలో గుర్తించారు. తిరువిదాంకూరు రాజు విశాఖం తిరునాళ్ పందొమ్మిదో శతాబ్దంలో ప్రోత్సహించినప్పటి నుంచి కర్రపెండలం ఆ ప్రాంతపు పేదల కంచంలోని పదార్థం. తమిళనాడులో సేలం ప్రాంతం, ఆంధ్రప్రదేశ్‌లో పెద్దాపురం, సామర్లకోట పరిసరాల మెట్ట పొలాలు సగ్గుబియ్యం మిల్లులకు ఈ దుంపను అందిస్తాయి. బొప్పాయి నల్లి ఈ పంట మీద ముందే ఉంది కనుక కొత్త నల్లిని పాతదిగా పొరబడే ప్రమాదం ఎక్కువ. అలా పొరబడి ఉంటే పాత పరాన్నజీవి మీద భరోసాతో ఊరుకొని ఉండేవారు, ఎసిరోఫేగస్ పపాయే ఈ నల్లిని ముట్టదు. బెంగళూరు సంస్థ నమూనాలను గాజు పలకల మీద పరిశీలించి ఫెనకోకస్ మనిహోటి అని నిర్ధారించింది. 2021లో బెనిన్ నుంచి లోపెజిని దిగుమతి చేసుకుంది. క్వారంటైన్‌లో పరీక్షలు ముగిశాక 2022లో సేలం జిల్లా యేతాపూర్ పరిశోధన కేంద్రంలో మొదటిసారి పొలంలో వదిలారు. ఈసారి కూడా గుర్తింపునకూ విడుదలకూ మధ్య సుమారు రెండేళ్లే.

సేలం పొలాల్లో వదిలిన ఆ కందిరీగలు 1981లో పరాగ్వే నుంచి లండన్ మీదుగా ఇబడాన్ చేరిన సంతతికి చెందినవి.